శని వదిలిన కుక్క

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద బస్సు కోసం నిలబడి ఉంటే ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. దిగినవాడు మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు మనిషే. వెనక తలుపు తీసి, మంచు దేశాల్లో పుట్టాల్సిన కుక్క ఒకదాన్ని, ఒంటినిండా దూదిలాంటి బొచ్చున్నదాన్ని, రోడ్డు మీదికి దింపాడు. మెడపట్టీ విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఖరీదైన పట్టీ అయి ఉంటుంది. బిస్కెట్ ప్యాకెట్ చింపి నేల మీద పోశాడు. తర్వాత రెండు చేతులూ జోడించి, కళ్ళకద్దుకొని, కారెక్కి వెళ్ళిపోయాడు. కుక్క బిస్కెట్ల వైపు చూడలేదు. కారు వెనక సిగ్నల్ దాకా ఉరికి, అక్కడ ఏ తెల్ల కారు తనదో తెలియక నిలబడిపోయింది. నా పక్కనున్న కుర్రవాడు ఇదంతా ఫోన్‌లో వీడియో తీసి, దానికి ఏడుపు బొమ్మలు తగిలించి ఎవరికో పంపాడు. తన బాధ్యత తీరిందన్నట్టు బస్సెక్కాడు.

ఆ కుక్క ఇప్పుడు మా ఇంట్లో ఉంది. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బొచ్చు రాలుతోంది.

మరునాడు లిఫ్టులో దాన్ని నాతో చూసి కింది అంతస్తు మనిషి సిగ్గుపడతాడనుకున్నాను. సంతోషపడ్డాడు.

"అరె, మీకు దొరికిందా ఆంటీ? మస్తు మంచి పని చేసిన్రు. పుణ్యమొస్తది."

"వదిలింది నువ్వే గద."

"వదిలిన అంటే, ఫ్రీ చేసిన ఆంటీ. మా బాబుకు బర్త్‌డేకు కొన్నం. ఒక్క నెల ఆడిండు, ఇగ ఫోన్ తప్ప ఏం చూస్తలేడు. దీనికేమో ఏసీ కావాలె, డాక్టర్ కావాలె. బయటుంటే పది మంది ఏదో ఇంత పెడ్తరని..."

"మరి దండమెందుకు పెట్టినవు?"

"ఊకెనే. మనసుకు బాధ కాదా ఆంటీ."

వాళ్ళ అంతస్తు వచ్చింది. తలుపు దగ్గర నిలబడ్డ భార్యతో నవ్వుతూ అంటున్నాడు: "శని వదిలిందనుకుంటే, మన లిఫ్టుల్నే ఉన్నది చూడు."

ఆ మాట అందరూ అంటారు. పోరు పెట్టే చుట్టం రైలెక్కినా, పాత ఫ్రిజ్ అమ్ముడుపోయినా శని వదిలిందంటారు. అనేవాళ్ళకు అది ఒట్టి మాట. శని వదలడమంటే ఏమిటో, గొలుసుతో సహా, చిన్నప్పుడు కళ్ళతో చూసినదాన్ని నేను.

మా బాపు ఉస్మాన్‌గంజ్‌లో ఒక సేటు దగ్గర గుమాస్తా. మిర్చి, బెల్లం, చింతపండు టోకు వ్యాపారం. మేముండేది కార్వాన్‌లో. ఇంటి వెనక కొట్టంలో మా అవ్వకు, అంటే బాపు తల్లికి, బర్రెలుండేవి. పొద్దున పేడ వాసన, మధ్యాహ్నం మిర్చి ఘాటు. నా చిన్నతనం ఈ రెంటి మధ్య గడిచింది. శనివారం ఒంటిపూట బడి కాబట్టి బాపుకు టిఫిన్ పట్టుకొని నేనే దుకాణానికి పోయేదాన్ని. గంజ్‌లో అడుగు పెట్టగానే ముందు తుమ్ము, ఆ తర్వాత నోట్లో నీళ్ళు. బస్తా కుట్ల సందులో వేలు దూర్చి బెల్లం గీరి తినడం అక్కడి పిల్లలందరికీ వచ్చిన విద్య. హమాలీలు చూసీ చూడనట్టుండేవాళ్ళు, ఎందుకంటే మాకు నేర్పింది వాళ్ళే.

ఆ లోకం ఇప్పుడు లేదు. గల్లీలో బర్రెలు లేవు, గంజ్‌లో ఎడ్లబండ్లు లేవు. లేవని కళ్ళు తుడుచుకునే నా ఈడువాళ్ళు చాలామంది ఉన్నారు. అప్పటి మనుషుల్లో దయ ఉండేదట, పశువును ఇంటి మనిషిలా చూసేవారట. ఆ లోకం ఎంత కంపు కొట్టేదో మరిచిపోయినవాళ్ళే అలా మాట్లాడగలరు. నాకు వాసనలు బాగా గుర్తుంటాయి.

సేటుకు ఏలినాటి శని పట్టిందని వాళ్ళ పంతులు చెప్పాడు. నిజానికి సేటుకున్నది చక్కెర జబ్బు అని డాక్టరు అన్నాడు. ఆస్తి కోసం పాలివాళ్ళు వేసిన దావా అని వకీలు అన్నాడు. పంతులు ఒక్కడే రెండిటికీ కలిపి ఒకే పేరు పెట్టాడు. టోకు వ్యాపారికి టోకు జవాబు నచ్చింది. పరిహారం ఏమిటంటే, ఒంటి మీద ఎక్కడా మచ్చ లేని నల్లకుక్కను ఏడున్నర ఏండ్లు పోషించాలి. ప్రతి శనివారం నువ్వుల నూనె రాసిన తీపి రొట్టె తన చేత్తో పెట్టాలి. దాని కడుపులోకి పోయిన ప్రతి ముక్కతో సేటు శని కొంత దానికి బదిలీ అవుతుంది.

నేను పోయేసరికి ఆ పూజ సాగుతుండేది. గోదాం వెనక ఆవరణలో గొలుసుతో కట్టి ఉండేది కుక్క. దాని దగ్గర ఒక వింత వాసన, బూటు పాలిష్ వాసన వచ్చేది. నల్లకుక్కలు ఇట్లాగే వాసనొస్తాయేమో అనుకునేదాన్ని. సేటు పట్టుబట్ట కట్టుకొని వచ్చి, గొలుసు అందనంత దూరంలో నిలబడి, రొట్టె విసిరి, దండం పెట్టి, వెంటనే చేతులు కడుక్కునేవాడు. మిగతా ఆరు రోజులు అది గ్రహం కాదు, ఒట్టి కుక్క. ఒట్టి కుక్కకు ఆకలి ఉంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. హమాలీలు తమ సద్దిలోంచి ఏదో పడేసేవాళ్ళు. ఆ గొలుసు విప్పగా నేను చూడలేదు. పేరు కూడా పెట్టలేదు. "దానికి పెట్టిండ్రా?" అని అడిగితే ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేది.

సేటు వెళ్ళిపోయాక పళ్ళెంలో మిగిలిన రొట్టెల్లో సగం కుక్కకు వేసి, సగం నేనూ పక్క దుకాణం పిల్లలూ తినేవాళ్ళం. అంత మంచి రొట్టె నేను మళ్ళీ తినలేదు. ఈ సంగతి బయటపడ్డప్పుడు అవ్వ నా చుట్టూ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. బాపు మాత్రం ఉబ్బిపోయాడు. ఆదివారం ఆదివారం ఒక గ్రంథాలయం మేడ మీద ఆయనా, ఆయన మిత్రులూ చేరి మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలు చెప్పుకునేవాళ్ళు. ఆ వారం నన్ను కూడా తీసుకుపోయి బల్ల మీద నిలబెట్టాడు.

"ఈ పిల్ల శని రొట్టె తిన్నది. ఏమైంది? లెక్కల పరీక్షల ఫస్టొచ్చింది. శని ఎక్కడ? చూపియ్యిండ్రి."

చప్పట్లు కొట్టారు. బాపు గొంతు ఆ మేడ మీద కంచులా మోగేది. సోమవారం పొద్దున అదే గొంతు, "జీ సేట్" అనేటప్పుడు, పక్కనున్న నాక్కూడా సరిగా వినబడేది కాదు. ఇది నేను చులకనగానే చెబుతున్నాను. ఆదివారాల్లో మాత్రమే హేతువాదులైనవాళ్ళను తర్వాత చాలామందిని చూశాను. వాళ్ళలో మొదటివాడు మా నాన్న.

ఒక శనివారం ఆవరణలో పూజ జరగలేదు. శని దిగిపోయిందని పంతులు చెప్పాడు. ఇప్పుడు సేటు శని మొత్తం కుక్కలో ఉంది కాబట్టి దాన్ని ఇంట్లో ఉంచుకోవడం ప్రమాదం. చంపితే పాపం. నీళ్ళున్న చోట వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. ఎవరికైనా దత్తతిద్దామంటే శనితో నిండిన కుక్కను ఎవడు తీసుకుంటాడు. ఇంత తెలివిగా అల్లిన కిరాతకం ఇంకోటి నాకు తెలియదు. జంతువు చేత మన చెత్త మోయించి, ఆ చెత్త మోస్తోందనే కారణంతోనే దాన్ని తరిమేయడం.

సేటు బాపును పిలిచాడు. నేను టిఫిన్ పట్టుకొని పక్కనే ఉన్నాను.

"మీ దిక్కు మూసీ ఒడ్డున్నది గద. పొద్దూకినంక తీస్కపోయి గాడ వదిలెయ్. వదిలి తిరిగి చూడకు. చూస్తే ఎంట పడ్తది."

"కుక్కనా, శనా?" అని అడిగానని బాపు తర్వాత చెప్పుకునేవాడు. నేను విన్నది "జీ సేట్" ఒక్కటే.

గొలుసు పట్టుకొని కార్వాన్ దాకా నడిపించుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక నడవని కుక్క, నాలుగడుగులకోసారి కూర్చునేది. నన్ను ఇంటి దగ్గర దింపి, ఒడ్డుకు పోయి, గొలుసు విప్పి, చెప్పినట్టే వదిలేశాడు. చెప్పినట్టు కాక ఆయన చేసిన పని ఒక్కటే. నాలుగడుగులు వేశాక, తాను హేతువాదినన్న సంగతి గుర్తొచ్చింది. తిరిగి చూడొద్దని పంతులు చెబితే చూడకుండా పోవడమా అని, కేవలం మాట నెగ్గించుకోవడానికి, ఆగి, తిరిగి, నిండుగా చూశాడు. కుక్క లేచి వెంట వచ్చింది.

మేము గుమ్మంలో కూర్చొని ఉన్నాం. ముందు బాపు, వెనక కుక్క.

"ఏందిర అది?" అంది అవ్వ.

"సేటు కుక్క. వదిలేసిన. వెంటొస్తున్నది."

"వదిలేస్తే వెంటెట్లొస్తది?"

"ఊకె అట్ల తిరిగి చూసిన, అంతే. పంతులు మాటలన్నీ వట్టియని."

అవ్వ కుక్కను చూసింది, కొడుకును చూసింది. "చూసినవు గద. ఇగ నీదే."

"నాదెట్లయితదమ్మా? సేటు కొన్నడు, సేటు..."

"వాడు చూడకుండ పొమ్మన్నడు. నువ్వు చూస్తివి. పోయి నీళ్ళు పెట్టు దానికి."

అవ్వకు అక్షరం రాదు. మూఢనమ్మకాలు మాత్రం ఒక గంపెడు. ఆ రాత్రి కుక్క కొట్టంలో బర్రెల పక్కన పడుకుంది. శని కదా అని ముందుజాగ్రత్తగా గుమ్మానికి నిమ్మకాయ కట్టాక అవ్వ కూడా పడుకుంది.

వాడకట్టుకు తెలియడానికి ఒక్క పూట పట్టింది. సేటు శనిని గుమాస్తా ఇంటికి తెచ్చుకున్నాడని గుప్పుమంది. మా దగ్గర పాలు పోయించుకునే ఇళ్ళు ఒకటొకటే మానేశాయి. శని పడుకున్న కొట్టంలో పిండిన పాలు పిల్లలకు ఎట్లా పోస్తారు మరి. ఎదురింటి పెద్దమ్మ, నన్ను చంకనెత్తుకొని పెంచిన మనిషి, గిన్నె బోర్లించి గుమ్మంలో పెట్టింది. అంటే వద్దని. అవ్వ పాలు పట్టుకొని అక్కడే నిలబడింది.

"ఏమే, నా పాలు తాగి నీ మనుమండ్లు పెద్దగ కాలేదా?"

"నిన్నేమంటలేనక్కా. ఆ కుక్కను పంపియ్. కార్పొరేషన్ బండికి చెప్తే వాళ్ళే పట్టుకపోతరు. శని వదులుతది."

కార్పొరేషన్ బండి పట్టుకుపోయిన కుక్కలు తిరిగి రావని నాకు కూడా తెలుసు. ఇదీ ఇక మా ఇంట్లో నడిచిన లొల్లి. కుక్క ఉంటే పాలు అమ్ముడుపోవు, అమ్ముడుపోకపోతే బర్రెలకు దాణా లేదు. బాపు గల్లీలో నిలబడి వివరించాడు: శని అనేది సూర్యుడి చుట్టూ తిరిగే ఒక గోళం, దాని చుట్టూ వలయాలుంటాయి, అది కుక్కలో పట్టదు. శ్రద్ధగా విన్నారు. మరునాడు ఇంకో రెండిళ్ళు మానేశాయి.

అప్పుడు బాపుకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఆదివారం కుక్కను గ్రంథాలయం మేడ మీదికి తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను. కుక్కను బల్ల పక్కన కూర్చోబెట్టి చాలా గొప్పగా మాట్లాడాడు. సభ్యులు ఒకరొకరే వచ్చి శని తల నిమిరి పోయారు. ఒకాయన దాని పక్కన కూర్చొని ఫోటో కూడా తీయించుకున్నాడు. చివర బాపు అడిగాడు: "మన సంఘం తరఫున ఎవరన్నా దీన్ని ఇంట్ల పెట్టుకుంటే, ఇదే మనకు పెద్ద ప్రచారం. ఎవరు తీస్కపోతరు?"

అధ్యక్షుడి ఇల్లు ఇరుకు. కార్యదర్శి తల్లికి ఒంట్లో బాగాలేదు. ఫోటో తీయించుకున్నాయన, "నాకేం లేదు భాయ్, నా భార్య ఒప్పుకోది. ఆడోళ్ళ నమ్మకాలు తెలుసు గద" అన్నాడు. ఆడవాళ్ళ మూఢత్వం ఎంత అక్కరకొస్తుందో ఆ రోజు నాకు తెలిసింది. దాని చాటున ఎంతమంది మగవాళ్ళైనా దాక్కోవచ్చు. కుక్కను మళ్ళీ నడిపించుకొచ్చాం. దారిలో నేను అడిగాను: "వాళ్ళు గూడ నమ్ముతరా బాపూ?"

"నమ్మరు బిడ్డా."

"మరి?"

జవాబు నాకు తర్వాత తెలిసింది. నమ్మకపోవడానికి ఖర్చు లేదు. పెంచడానికి ఉంది.

కుక్కను బతికించింది బాపు వాదన కాదు, అవ్వ పీచు. ఒక పొద్దున బర్రెలను కడుగుతూ దాన్ని కూడా పట్టుకొని కొబ్బరిపీచుతో రుద్దింది. నల్లటి నీళ్ళు కాలువ కట్టాయి. ఛాతీ మీద, అరచేయి అంత తెల్లమచ్చ తేలింది. అవ్వ వాసన చూసింది. బూటు పాలిష్. ఇన్నేండ్లూ శనివారం శనివారం గోదాం కాపలావాడు ఆ మచ్చకు పాలిష్ పెడుతూ వచ్చాడన్నమాట.

అవ్వ ఆలస్యం చేయలేదు. తడి కుక్కను అట్లాగే లాక్కొచ్చి గల్లీ మధ్యలో నిలబెట్టి ముందరి కాళ్ళు ఎత్తి చూపించింది.

"రాండ్రి, చూడుండ్రి. శనికి తెల్లమచ్చ ఉంటదా? ఎవడన్నా విన్నడా? ఇది ఉత్త కుక్క. సేటు శని సేటు కాడనే ఉన్నది. మీరేమో నా పాలు బంద్ పెట్టిన్రి."

వాడకట్టంతా వచ్చి మచ్చను చూసింది. ఎదురింటి పెద్దమ్మ ముట్టుకొని కూడా చూసింది. మచ్చ ఉన్నమాట నిజమే కాబట్టి శని లేనట్టే. సూర్యుడూ గ్రహాలూ వలయాలూ చేయలేని పని అరచేయి అంత మచ్చ చేసింది. సాయంత్రానికల్లా గిన్నెలన్నీ వెల్లకిలా తిరిగాయి.

ఆ రాత్రి బాపు అన్నం ముందు కూర్చొని ముట్టలేదు.

"అబద్ధాన్ని అబద్ధంతోని కొడ్తవా అమ్మా? మచ్చ లేకుంటే శని ఉండేదా మరి? రేపు ఇంకోడు మచ్చలేని కుక్కను కొట్టి సంపుతడు. నువ్వే నేర్పినట్టయింది."

"మచ్చ ఉన్నది, ఉన్నదన్న. అబద్ధమేడుంది?"

"నీకు సమజైతలేదు."

"నాకు మంచిగ సమజైంది కొడుకా. నువ్వు నిజం చెప్తే ఒక్క గిన్నె నిండలే. నీ నిజం మంచిదే, మేడ మీద పెట్టుకో. కుక్క కింద ఉంటది."

మా అమ్మ రొట్టెలు చేస్తూ ఇద్దరిలో ఎవరి పక్కనా చేరలేదు. ఒక రొట్టె తీసి కొట్టం వైపు విసిరింది. ఇద్దరిలో ఎవరిది ఒప్పో చెప్పమంటే, బాపుదే ఒప్పు. ఇప్పటికీ అదే చెబుతాను. కాని ఆ ఒప్పును నమ్ముకొని ఉంటే కుక్క కార్పొరేషన్ బండిలో పోయి ఉండేది. ఈ రెండు మాటల్నీ ఒకదానితో ఒకటి సరిపెట్టడం నాకు చేతకాలేదు. సరిపెట్టినవాళ్ళను నేను నమ్మను.

కొన్ని నెలలు గడిచాయి. కుక్క ఒళ్ళు చేసింది. అవ్వ నల్లోడా అని పిలిచేది. పిలిస్తే వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం గల్లీ మొదట్లో కారు ఆగింది. లోపలికి పట్టక, సేటు దిగి, ధోవతి కుచ్చెళ్ళు రెండు చేతులా ఎత్తిపట్టుకొని, పేడకుప్పలు దాటుకుంటూ మా గుమ్మం ముందుకొచ్చాడు. ఆ రోజు దుకాణానికి సెలవు, బాపు ఇంట్లోనే ఉన్నాడు. సేటు వెనక వచ్చినవాడి చేతిలో కొత్త గొలుసు, ఒక పూలదండ ఉన్నాయి.

సంగతేమిటంటే పంతులు లెక్క తప్పింది. వేరే పంచాంగం చూసే ఇంకో పంతులు వచ్చి, శని ఇంకా దిగలేదని, రెండున్నర ఏండ్లు మిగిలే ఉందని తేల్చాడు. దావా కూడా తెగలేదు, చక్కెర కూడా తగ్గలేదు కాబట్టి ఈ పంతులు మాటే నిజమై ఉంటుంది. సగానికి పైగా శని ఇప్పటికే ఎక్కిన కుక్క ఉండగా కొత్తదానితో మళ్ళీ మొదటి నుంచి ఎందుకని సేటు వచ్చాడు.

అవ్వ తన ఆయుధం తీసింది. "దీనికి మచ్చ ఉన్నది సేట్. మీకు పనికి రాది. చూడుండ్రి."

సేటు చూడను కూడా లేదు. "మాలూమ్ అమ్మా. కొన్ననాడే ఉండె. మా వాడు పాలిష్ పెట్టేటోడు గద."

అంటే తెలుసు. ఇన్నేండ్లూ, పట్టుబట్ట కట్టుకొని దండం పెట్టిన ప్రతి శనివారమూ, తన దేవుడికి కల్తీ సరుకు అంటగడుతున్నానని తెలుసు. దేవుడు గమనించడని కూడా తెలుసు. నమ్మినవాడి మూర్ఖత్వాన్ని నేను క్షమించగలను. దేవుణ్ణి నమ్ముతూనే వాణ్ణి మోసం చేయొచ్చని నమ్మేవాడి ముందు నాకు మాటలు చాలవు. గల్లీని ఒప్పించిన మచ్చ ఆయన దగ్గర చెల్లలేదు.

"పట్టుకొని కార్ల ఎక్కియ్" అన్నాడు సేటు బాపుతో. దుకాణంలో బస్తా జరపమన్నట్టే అన్నాడు.

నేను బాపు వైపు చూడలేదు. "జీ సేట్" అంటాడు, ఆ మాట అనేటప్పుడు చూడకూడదనుకున్నాను. మేడ మీది మాటల్లో ఒక్కటి కూడా ఆయనకు గుర్తున్నట్టు లేదు. గొంతు చాలా మామూలుగా వచ్చింది.

"కుక్క రాదు సేట్."

"క్యా?"

"వదిలెయ్యుమన్నరు, వదిలేసిన. వదిలినంక అది మీది కాదు."

"అరె భాయ్, కుక్క కోసం నాతోని లొల్లి పెట్టుకుంటవా?"

"లొల్లి లేదు సేట్. కుక్క రాదు, గంతే."

సేటు తల తిప్పి చూశాడు. చుట్టూ గుమ్మాల్లో జనం చేరారు. "కుక్క రాకుంటే రేపటి సంది నువ్వు గూడ దుకాణానికి రాకు."

బాపు ఒకసారి అవ్వ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "సరే సేట్."

ఆయన జీవితంలో ఇచ్చిన ఉపన్యాసాలన్నిటిలో అతి చిన్నది అదే. విన్నవాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు.

దీన్ని విజయమని ఎవరైనా అంటే వాళ్ళకు లోకం తెలియదు. ఆ వారంలోనే సేటు ఇంకో నల్లకుక్కను కొన్నాడని హమాలీలు చెప్పారు. దాన్ని నేను చూడలేదు. దాని వెంట ఏ గుమాస్తాను పంపారో, అతను వెనక్కి తిరిగి చూశాడో లేదో నాకు తెలియదు. మా కుక్క కన్నా దాని గురించే ఎక్కువసార్లు తలుచుకున్నాను. ఇక మా వాడకట్టు తీర్పు ముందే రాసిపెట్టినట్టు వచ్చింది. "చూసిన్రా, శని కుక్కను ఇంట్ల పెట్టుకున్నందుకు గుమాస్తా నౌకరి పాయె." మచ్చ మాట అందరూ మరిచిపోయారు. బాపుకు నౌకరి పోయినందుకు కన్నా ఈ తర్కం విన్నందుకు ఎక్కువ మంట పుట్టింది. తర్వాత ఒక కర్రల అడితిలో చేరి, పాత జీతం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. అన్ని ఏండ్లలోనూ ఎదురింటి పెద్దమ్మ ఆ శని సంగతి అప్పుడప్పుడూ జాలిగా గుర్తుచేస్తూనే ఉంది.

కుక్కకు విశ్వాసం ఎక్కువంటారు. అన్నం పెట్టిన చేతిని మరువదని చెప్పి కన్నీళ్ళు పెట్టుకుంటారు. మా కుక్క బాపును రెండుసార్లు కరిచింది. ఎవరి కాళ్ళ దగ్గరా తోక ఆడించలేదు. ఏండ్ల తరబడి గొలుసుకు కట్టినదానికి మనిషి మీద ప్రేమ ఎందుకుండాలి. నల్లోడు ఎవరినీ ప్రేమించకుండా, కొట్టంలో తన మూల కోసం బర్రెలతో పోట్లాడుతూ, తనకిష్టమైనట్టు ముసలిదైంది. బాపు దాని మీద ఒక్క రోజు కూడా విసుక్కోలేదు. కృతజ్ఞత చూపే జంతువునే సాకుతామనేవాళ్ళు సాకేది జంతువును కాదు, తమ మంచితనాన్ని. అది చూసి మెచ్చుకునే కళ్ళు కావాలి వాళ్ళకు, అంతే. ఆ కళ్ళున్నదానికి జబ్బు చేసినా, మందులకు ఖర్చయినా ఫ్లైఓవర్ల కింద చోటు చాలా ఉంది.

అది చచ్చిపోయాక కొట్టం వెనక గుంత తవ్వి బాపే పూడ్చాడు. మూడో రోజు అవ్వ పిట్టకు పెడతానంది. మనుషులు పోతే మూడో నాడు వాళ్ళకిష్టమైనవి వండి ఆకులో పెట్టి, కాకి వచ్చి ముడితే తృప్తిపడ్డారని అనుకుంటారు కదా, అది. తాత పోయినప్పుడు బాపు ఆ ఆకు పక్కనే నిలబడి కాకి ఆకలికీ తాత ఆత్మకూ సంబంధం లేదని వాదించాడట. చుట్టాలు కొట్టబోయారట. కుక్కకు పిట్టకు పెట్టడం వాడకట్టు ఎరగని విడ్డూరం. ఎదురింటి పెద్దమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకొని చూస్తోంది.

అవ్వ విస్తరాకులో అన్నం, మటన్ బొక్కలు పెట్టి, లోటాతో నీళ్ళు చల్లింది. కాకులు గోడ మీద వరుసగా కూర్చున్నాయి గాని కిందికి దిగలేదు. అవ్వ చేతులు కట్టుకొని నిలబడింది. పొద్దు ఎక్కుతోంది. బాపు గుంజకు ఆనుకొని ఉన్నాడు. ఇప్పుడు మొదలుపెడతాడనుకున్నాను. ఆకలేస్తే కాకి వస్తుంది, లేకుంటే రాదు, చచ్చినదానికి దానితో ఏం పని. ఆ మాటలు నాకు కంఠస్థం. ఇప్పుడు ఎవరింట్లోనైనా అదే తంతు చూస్తే నేనే అంటాను, ఒక్క అక్షరం మార్చను.

బాపు చాలాసేపు కాకుల వైపు చూశాడు. తర్వాత అవ్వ దగ్గరికి నడిచి వచ్చాడు.

"మనల జూసి బెదురుతున్నయమ్మా. జర లోపలికి పోదాం పా" అని ఆమె చెయ్యి పట్టుకొని ఇంట్లోకి తీసుకుపోయాడు.